సగం ధరకు కొన్న వెలుతురు

వరంగల్‌లో ప్లాస్టిక్ రేకులను నా అంత అగ్గువకు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మనండి. నర్సంపేట రోడ్డులో ఒక పాత గోదాం విప్పుతున్నారని తెలియగానే, పొయ్యి మీది పప్పును ఆడపడుచుకు అప్పజెప్పి ఆటో ఎక్కాను. ఎండ లోపలికి దిగే తెల్లటి రేకులు, ఆరు. వాళ్లు చెప్పిన ధరను సగానికి దించాను. బోల్టులు ఊరికే వేయించుకున్నాను. ఆటో కిరాయి కూడా అమ్మినతనితోనే ఇప్పించాను. "అక్కా, ఇగ నువ్వు పో. నిన్ను జూస్తే భయమైతాంది," అన్నాడతను. ఆ మాటను ఇంటిదాకా మురిసిపోతూ తెచ్చుకున్నాను.

ఆ ఆరు రేకులతోనే, నలభై ఏళ్లకు పైగా కొలిమి ముందు కూర్చున్న మా మామను అక్కడి నుంచి లేపేశాను.

బేరం నాకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. మా నాన్నకు కిరాణా దుకాణం, మేనమామకు గిన్నెల దుకాణం, పెద్దమ్మకు గాజుల దుకాణం. నా నిఖా నాడు పెళ్లికొడుకు నాకివ్వాల్సిన మెహర్ ఎంతని ఖాజీసాబ్ అడిగితే, పరదా వెనుక నుంచి నేనే మా అన్న చెవిలో అంకె చెప్పి పంపాను. అవతల పెళ్లికొడుకు తండ్రిగా కూర్చున్న మామ వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే తక్కువ అడిగానేమోనని పెంచి పంపాను. దానికీ సరేనన్నాడు. ఎదుటివాడు గింజుకోకపోతే బేరానికి రుచి ఉండదు. పెళ్లినాడు నాకు మిగిలిన అసంతృప్తి అదొక్కటే.

మామ తీరే అంత. ఆయన ఏదైనా ఒక్కసారే చెబుతాడు. కొడవలి ధర ఒక్కసారి చెబుతాడు, కొన్నవాడు కొంటాడు, లేచినవాడు లేస్తాడు. అమ్మకం నా చేతికి వచ్చాక ఆ పద్ధతి చూసి నాకు కడుపు మండేది.

అత్తగారింటిది కోత పనిముట్ల కార్ఖానా. మామ తాత ఎడ్లబండి మీద తోలుతిత్తి వేసుకుని జాతర జాతరకూ తిరుగుతూ కొడవళ్లు చేసేవాడట. ఆయన కొడుకు కాశిబుగ్గలో జాగా తీసుకుని షెడ్డు వేశాడు. చుట్టూ మగ్గాలు కాబట్టి మొదట నేతవాళ్లకు కత్తెరలు, తర్వాత కొడవళ్లు, గొడ్డళ్లు, కల్లు గీసే కత్తులు, బక్రీద్ ముందర మటన్ కత్తులు. లారీలకు వాడిన కమాన్ పట్టీలను తూకానికి కొని, ఆ ఉక్కును కోసి సాగగొట్టి చేసేవాళ్లు. ప్రతి పనిముట్టు మీదా మూడు చుక్కల ముద్ర. నేను కోడలిగా వచ్చేనాటికి ఎనిమిది మంది పనివాళ్లు ఉండేవాళ్లు. సుత్తి పని వాళ్లది, సాన పని నా భర్తది. నీళ్లు తాపడం మాత్రం మామ ఒక్కడిదే.

ఎర్రగా కాల్చిన ఉక్కును తొట్టిలో ముంచి గట్టిపరచడాన్ని మా ఇంట్లో నీళ్లు తాపడం అంటారు. తక్కువ కాలితే అంచు మెత్తగా ఉండి వంగిపోతుంది. ఎక్కువ కాలితే పెళుసై పెచ్చు లేస్తుంది. రెండింటి నడుమ ఒక ఎరుపు ఉంటుంది. మామ దాన్ని రేగుపండు రంగు అనేవాడు. దాన్ని కొలవడానికి మీటర్లేమీ లేవు, ఆయన కన్నే కొలత. నా భర్తకు అప్పుడప్పుడే చూపించడం మొదలుపెట్టాడు.

ఇక ఆ షెడ్డు. పట్టపగలు కూడా లోపల మసక. కిటికీలు లేవు, ఉన్న ఒక్క తలుపుకూ గోనెపట్టా వేలాడేది. మా నాన్న మిట్టమధ్యాహ్నం కూడా దుకాణంలో బల్బులు ఆర్పేవాడు కాదు. సరుకు మెరిస్తేనే గిరాకీ నిలబడుతుందని విని పెరిగినదాన్ని. ఈ చీకటి నాకు అచ్చమైన పిసినారితనంలా కనబడింది. కొనడానికి వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, గుహ అనుకుని వెనక్కి తగ్గుతున్నారని నా అనుమానం. అందుకే ఆ రేకులు.

షెడ్డు కప్పుకు వాటిని ఎక్కించే రోజు మామ తల పైకెత్తి చూసి, "నాకు గుడ్డి వెలుగే గావాలె బిడ్డా," అన్నాడు.

"గుడ్డి వెలుగుల కూసుంటే కండ్లు గుడ్డియి గావా మామా? రేపు మంది నన్నే అంటరు," అన్నాను.

పనివాళ్లు నవ్వారు. మామ కూడా నవ్వాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

షెడ్డు ధగధగలాడింది. మూలల్లో ఎన్నడో పడిపోయిన రెండు పట్టకార్లు కూడా దొరికాయి. నేను ఆ రోజంతా అందరికీ వాటిని చూపించాను.

రెండు నెలలు గడిచాక పాలకుర్తి వైపు నుంచి ఒక గీత కార్మికుడు వచ్చాడు. వాళ్ల తాతల నాటి నుంచీ కత్తి మా దగ్గరే. గుడ్డలో చుట్టి తెచ్చిన కత్తిని మామ ముందు పెట్టాడు. అంచులో గోరంత ముక్క లేచిపోయి ఉంది.

"చిచ్చా, నీ కత్తిని నమ్మి చెట్టెక్కుత. గీస్తాంటె పైననే లేసింది. వేరే కత్తి ఇయ్యకు. ఎందుకు లేసిందో జెప్పు."

మామ విరిగినచోటును వేలితో తడిమాడు. లోపలి ఉక్కు రాళ్లుప్పులా గరుకుగా ఉంది. ఒక్కసారి పైకి చూశాడు. దువా చేస్తున్నాడనుకున్నాను.

పైకం తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత కొడవళ్లు కూడా తిరిగి రావడం మొదలైంది. అప్పుడు నేనూ నా భర్తా కూడబలుక్కుని, మామ కళ్లు మందగించాయని తేల్చేశాం. కంటి దవాఖానకు తీసుకెళ్తే ఒక కంట్లో పొర ఉందన్నారు. మా తీర్పుకు ముద్ర పడింది. ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని వచ్చి, నెల తిరగ్గానే మళ్లీ కొలిమి ముందు కూర్చున్నాడు. మళ్లీ పెచ్చులే.

ఒక మధ్యాహ్నం తొట్టిలో చేతులు కడుక్కుని, ఒడిలో వేసుకునే తోలుగుడ్డను మేకుకు తగిలించి, కొడుకుతో "ఇగ నువ్వు జూడు," అన్నాడు. ఆ కొడుకు చూడటం ఇంకా నేర్చుకోనేలేదు. అతను తాపినవి సగం వంగాయి, సగం విరిగాయి. ఏడాదిలో పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బయటి నుంచి తయారైన కొడవళ్లు కట్టలుగా తెప్పించి అమ్మడం మొదలుపెట్టాం. అమ్మకం నాకు వచ్చిన పనే కదా. మామను గల్లా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. వచ్చిన ప్రతి కట్టలోంచీ ఒకటి తీసి, బొటనవేలితో అంచు చూసి, మళ్లీ కట్టలోనే పెట్టేసేవాడు.

అలా మూడేళ్లు.

పోయిన వానాకాలంలో ఒకనాడు మబ్బు కమ్మి, పగలే పొద్దు మునిగినట్టు అయింది. కరెంటు పోయింది. నా భర్త ఎవరిదో పాత గొడ్డలిని బాగుచేయడానికి కాలుస్తున్నాడు. నేను చాయ్ తీసుకుని లోపలికి వెళ్లాను. పట్టకారు చివర ఉక్కు రేగుపండులా ఉంది. పండి, ముట్టుకుంటే చితికే రేగుపండు. ఇన్నేళ్లలో నేను చూడటం అదే మొదలు. నా భర్త కూడా దాన్ని అలా పట్టుకుని ఉండిపోయాడు. ఇద్దరం ఒకేసారి పైకి చూశాం, ఆ ఆరు రేకుల వైపు. ఎండ నిండిన షెడ్డులో ఆ ఎరుపు పాలిపోయి కనబడుతుంది. ఇంకా కాలలేదనుకుని మంటలోనే ఉంచుతారు. మామ చేసింది అదే.

గల్లా దగ్గరికి పరుగెత్తాను.

"మామా, నీ కండ్లు గాదు. రేకులు."

"ఎరుకే బిడ్డా."

"ఎరుకైతే ఎందుకు జెప్పలే?"

"జెప్పిన గదా, ఎక్కించిన్నాడే. రెండోసారి జెప్తే బేరమైతది. నీతోని బేరం నాతోనైతదా?" అని కొంచెం నవ్వాడు. తర్వాత చేతులు చూసుకుంటూ అన్నాడు, "మొదలు ఎరుకే. అందరు కండ్లు కండ్లు అనవడితిరి. ఇగ నేను గూడ కండ్లే అనుకున్న."

మర్నాడే రేకుల మీద నల్ల టార్పాలిన్ కప్పించాం. తోలుగుడ్డ దులిపి ఇచ్చాను. మామ కూర్చున్నాడు. కొడవలి కాలింది. ఆయన తల ఊగింది, రంగు దొరికింది. పట్టకారుతో బయటికి తీశాడు. కొలిమికీ తొట్టికీ మధ్య ఉన్నది మూరెడు దూరం. ఆ మూరెడులో ఆయన పట్టు తప్పి, కొడవలి తొట్టి అంచుకు తగిలి మట్టిలో పడింది. అక్కడే నల్లబడిపోయింది.

"రంగు ఉన్నది. చెయ్యి వొయింది," అన్నాడు.

బయటి సరుకు మీద మన ముద్ర కొడితే గిరాకీ పెరుగుతుందని ఆ నెలలోనే నాకొక ఆలోచన వచ్చింది. మామ వద్దన్నాడు, ఒక్కసారే. ఎందుకని అడిగాను. చెప్పాడు. తను నీళ్లు తాపని ఉక్కుకు తను పూచీ పడలేడట. ముద్ర తీసి బీరువాలో పెట్టాను. అడిగితే చెప్పే మనిషని అప్పుడు తెలిసింది. రేకులు ఎక్కించిన రోజు నేను అడగలేదు.

ఇక లెక్క. రేకులు సగం ధరకు, కిరాయి మిగులు. ఇది నాకు వచ్చింది. తిరిగొచ్చిన కత్తులు ఇరవై రెండు, కొడవళ్లు ఒక కట్ట. ఎనిమిది మంది పని పోయింది, అందులో ఒకతను ఇప్పుడు అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. నా భర్తకు నలభై నాలుగేళ్లు, రేగుపండు రంగును తానుగా పట్టుకున్నది ఒక్క మధ్యాహ్నమే. మామ మూడేళ్లు తాను గుడ్డివాణ్నని నమ్మాడు. వాన పడిన ఆ రోజే కాదు, అంతకుముందు ఏ రోజైనా నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అది ఎవరి ఖాతాలోదో నాకు తెలుసు.

పోయిన నెల ఒకతను కోళ్ల షెడ్డుకని ఆ రేకులు అడిగాడు. నాకు పడిన దాంట్లో నాలుగో వంతు చెప్పాడు. మొదటి మాటకే సరేనన్నాను. బోల్టులు కూడా ఇచ్చేశాను.