పిడుగు బాయ్స్ కోసం తెచ్చిన దండ

మిర్యాలగూడలో ఎవరిదో పెళ్లి భోజనాల వేళ నేను నా పెళ్లి సంబంధాన్ని మైకులో చెడగొట్టుకున్నాను. సంబంధాలు చెడగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. కాని సౌండు బాక్సులు పెట్టి, పక్క రెండు బజార్లకు కూడా వినిపించేలా చెడగొట్టుకున్నవాడు మా వైపు మరొకడు ఉన్నట్టు నాకు తెలియదు. ఈ ఘనతలో సగం నాది, సగం పిడుగు బాయ్స్‌ది.

పిడుగు బాయ్స్ అంటే ఎవరో చెప్పాలి. ఎనభైల మొదట్లో సూర్యాపేటలో వినాయక చవితి పందిళ్ళలో పాడే ఆర్కెస్ట్రా. నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళ బెల్ బాటం ప్యాంట్లు స్టేజీని ఊడ్చేసేవి కాబట్టి పందిట్లో చీపురు అవసరం ఉండేది కాదు. ఒకడు గిటారు, ఒకడు డ్రమ్ములు, ఒకడు అకార్డియన్. నాలుగోవాడు యాదగిరి. పాడేది అతనే. చీకట్లో కూడా నల్లద్దాలు తీసేవాడు కాదు. పాట మధ్యలో స్టేజీ అంచుదాకా వచ్చి, అక్కడ ఒక కాలు గాల్లో పెట్టి ఆగేవాడు. మేము అది స్టైలు అనుకున్నాం. అద్దాల్లోంచి అంచు కనబడక ఆగేవాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో నేను కూడా మా తాతగారి నల్లద్దాలు పెట్టుకుని, టార్చిలైటు మైకులా పట్టుకుని, వడ్ల గాదె ముందు నిలబడి పాడేవాణ్ణి. గాదె ఏనాడూ చప్పట్లు కొట్టలేదు.

తర్వాత ఊళ్ళోకి టేపురికార్డర్లు వచ్చాయి, పిడుగులు పడటం ఆగిపోయింది. నేను డిగ్రీలవీ పూర్తిచేసి సూర్యాపేటలోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్నయ్యాను. ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఆ బాధ్యత మా మేనమామ నెత్తిన వేసుకున్నాడు. మిర్యాలగూడ బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"ఇగో, సక్కగ విను. పిల్ల నాయన కోదాడల హెడ్మాస్టరు. ఇయ్యాల గీ పెండ్లికి వస్తుండు. నువ్వు ఎట్ల కూసుంటవ్, ఎట్ల తింటవ్, పెద్దోళ్ళతోని ఎట్ల ఉంటవ్, అన్ని దూరం నుంచే సూస్తడు. నచ్చితెనే పిల్లను సూపిస్తడు."

"ఆయన ఎవరో నాకు సూపెట్టవా మామా?"

"సూపెడితె నువ్వు ఆయన్నే సూస్కుంట కూసుంటవ్. వద్దు. ఆయనకు పాటలు, సినిమాలు పడవు. నువ్వు పుస్తకం తప్ప ఏం తెల్వని పిలగానివని చెప్పిన. పదోది ఫస్టు క్లాసుల పాసైనవని గూడ చెప్పిన."

"పదోది నేను తప్పిన గద."

"అది ఆయనకెందుకురా?" అని మామయ్య నా ఒళ్ళోకి చూశాడు. "ఆ అరిటాకు పొట్లం ఏంది?"

"దండ. ఆ పెండ్లిల పిడుగు బాయ్స్ మళ్ళ పాడుతున్నరట. యాదగిరన్న మెడల ఏద్దామని."

నేరేడుచర్ల దాటేదాకా మామయ్య కండక్టరుతోనే మాట్లాడాడు.

పెళ్లింట్లో మాత్రం నేను మర్యాదకు మారుపేరులా ప్రవర్తించాను. పంక్తిలో తలవంచుకుని తిన్నాను. రెండో లడ్డూ వద్దన్నాను. నా జీవితంలో అలా అనడం అదే మొదలు. ఎవరు చూస్తున్నారో తెలియదు కాబట్టి మీసం ఉన్న ప్రతి పెద్దమనిషికీ నమస్కారం పెట్టాను. దూరంగా మామయ్య తృప్తిగా తలూపుతున్నాడు.

అప్పుడు స్టేజీ మీద డ్రమ్ము మోగింది. నాకు తెలిసిన డ్రమ్మే. ఆనాటి పిల్లవాడొకడు నా లోపల లేచి నిలబడ్డాడు. మర్యాదస్థుడైన లెక్చరర్ని విస్తరి ముందే వదిలేసి వాడు పరుగెత్తాడు, దండతో సహా.

వెళ్ళేసరికి డ్రమ్ము ఆగింది. స్టేజీ మధ్యలో నల్లద్దాల మనిషి మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్ళు వచ్చింది, జుట్టుకు రంగు పడింది. ఇన్నేళ్ళకు మనిషి ఎంత మారాలో అంతే మారాడు, నాకేం అనుమానం రాలేదు. ఆయన పక్కనే హవాయి చెప్పుల బక్కమనిషి ఒకడు వైర్లు సవరిస్తూ అడ్డం వచ్చాడు.

"జర జరుగన్నా, వైర్లు తర్వాత సదురుకుందువు," అని అతన్ని పక్కకు నెట్టి, నల్లద్దాలాయన మెడలో దండ వేసి, మైకు లాక్కున్నాను.

"అన్నా, నన్ను నువ్వు గుర్తుపట్టవ్. నీ పాట కోసం బడి గోడ దునికిన. ఇంట్ల చెప్పకుండ మీ లారీ ఎక్కి తుంగతుర్తి దాక వచ్చిన. పదోది తప్పిన, అది గూడ మీ పుణ్యమే. ఇయ్యాల నన్ను ఈడికి సంబంధం కోసమని తీస్కొచ్చిండ్రు. కాని నేను వచ్చింది నీ కోసం. సంబంధం ఏముందన్నా, ఇది కాకపోతె ఇంకోటి."

చప్పట్లు రాలేదు. వడ్డించేవాళ్ళు గరిటెలు గాల్లో పెట్టుకుని నిలబడ్డారు. మామయ్య అప్పటికే లేచి మజ్జిగ గంగాళం వెనక్కు వెళ్ళిపోయాడు.

నల్లద్దాలాయన నా చేతిలోంచి మైకు నెమ్మదిగా తీసుకున్నాడు.

"బాబూ, నేను పాడేవాణ్ణి కాదండీ. ఈమధ్యే కంటి ఆపరేషను అయింది, అందుకీ అద్దాలు. సౌండు కాస్త తగ్గించమని చెబుదామని ఎక్కాను. మాది కోదాడ." అద్దాలు సవరించుకుని నన్ను చూశాడు. "సూర్యాపేట లెక్చరరు గారంటే మీరేనా?"

కాదందామనుకున్నాను. గంగాళం వెనకనుంచి మామయ్య నా పేరు ఇంటిపేరుతో సహా పిలుస్తున్నాడు.

అప్పుడు నేను నెట్టేసిన బక్కమనిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, యాదగిరిని నేనే. తుంగతుర్తిల లారీల నిద్రపోయిన పోరనివి నువ్వేనా? నిన్ను తెల్లారి బస్సెక్కించింది నేనే. కిటికీలకెళ్ళి ఒకటే ఏడ్సినవ్, దిగనని."

అద్దాలు లేని ఆ కళ్ళను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. యాదగిరి నవ్వి, హెడ్మాస్టరు గారి వైపు తిరిగి, "సారూ, సౌండు తక్కువ పెట్టే పాడుత," అని మైకు తీసుకున్నాడు. బెల్ బాటం లేదు, గిటారువాడు రాలేదు, అకార్డియన్ ఎప్పుడో అమ్మేశారట. గొంతు మాత్రం అలాగే ఉంది. మెట్ల మీద కూర్చుని పాట అయ్యేదాకా విన్నాను. ఎలాగూ పోయేది పోయింది కదా అని.

వారానికి మామయ్య మా ఇంటికి వచ్చాడు. మొహం పరేషాన్‌గా ఉంది.

"వాళ్ళు ఒప్పుకున్నరు," అన్నాడు.

"ఎట్ల?"

"నాకేం తెల్సు? ఇన్నేండ్ల నౌకరీల ఆయన మెడల దండ ఏసినోడు లేడంట. నీ దండ ఇంటికి తీస్కపోయి గోడ మీది తన ఫొటోకు తగిలిచ్చిండు. అది సూసి ఇరుగుపొరుగు పరామర్శకు వచ్చిండ్రంట. పిల్లేమో, పిలగాడు మైకుల అన్ని నిజాలే చెప్పిండు గద, ఇగ తర్వాత కొత్తగ తెల్సేది ఏం ఉండదు అన్నదంట."

అలా హెడ్మాస్టరు గారు నాకు మామగారయ్యారు. ఒక్కటే చిక్కు. తనను చూసి ఒకడు గాయకుడని భ్రమపడ్డాడంటే, ఆ ఛాయలు తనలో ఎక్కడో ఉండే ఉంటాయని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. అప్పటినుంచి మా ఇళ్ళలో ఏ శుభకార్యమైనా ఆయన పాడుతూనే ఉన్నారు. ముందు వరసలో నాకొక కుర్చీ వేసి ఉంటుంది. సౌండు తగ్గించమని అడగడానికి స్టేజీ ఎక్కే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

అందుకే ఆ రోజుల్లోనే గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ మనిషి మెడలోనైనా దండ వేయాల్సి వస్తే, ముందు ఆ మనిషి చేత ఒక పల్లవి పాడించుకుని, విని, ఆ తర్వాతే వేస్తాను. ఈ నియమాన్ని ఒక్కసారే తప్పాను, నా పెళ్లిరోజున. పెళ్లికూతుర్ని పాడమని అడుగుదామనే నోరు తెరిచాను. ఆమె పక్కనే వాళ్ళ నాన్న గొంతు సవరించుకోవడం కనబడింది. నోరు మూసుకుని దండ వేసేశాను.