అర్థంకాని త్రినాథరావు గారు

ప్రొఫెసర్ త్రినాథరావు గారికి ఏదీ అర్థం కాదు. ఏళ్ల తరబడి జనం కడుపుల్లోకి తొంగిచూసిన స్కానింగ్ డాక్టరే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగుతారు. "కాలేజీ కాడ రోడ్డు తవ్విన్రు సార్, సుట్టు తిరిగి పోవాలె" అంటాడు ఆటో ఆయన. "నాకు అర్థం కాలేదు నాయనా, మళ్లీ చెప్పు" అంటారీయన. ఇంకో రెండుసార్లు చెప్పి ఆటో ఆయన ఖాళీగానే పోతాడు. సార్ నడిచి, చెమటలు కక్కుతూ, ఆలస్యంగా వస్తారు.

ఇలాంటి మహానుభావుడికి కాలేజీవాళ్లు అప్పగించిన పనేమిటయ్యా అంటే, జూనియర్లకు అల్ట్రాసౌండ్ ఎలా నేర్పాలో సీనియర్లకు నేర్పడం. ఆ ఆలోచన వచ్చిన బుర్రకు దండం పెట్టాలి.

పరీక్ష కూడా ఆయన పెట్టిందే. నేర్పే సీనియరు చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఒంటిమీద ఆనించి చూసే ప్రోబు ముట్టుకోకుండా, మాటలతోనే జూనియరు చేత తెరమీద కిడ్నీ పట్టించాలి. సార్ మాత్రం జూనియరు పక్కన స్టూలేసుకుని బుద్ధిమంతుడిలా కూర్చుంటారు.

పోచంపల్లి అమ్మాయి అరుణశ్రీ ఇందులో ఇప్పటికే ఒకసారి తప్పింది. ఇవాళ కూడా తప్పితే నేర్పేవాళ్ల జట్టులో ఇక చోటు లేదు. అందుకే పుస్తకం మొత్తం బట్టీ పట్టి వచ్చింది. క్లాస్‌మేట్ మురళీకృష్ణ చొక్కా పైకెత్తి బల్లమీద పడుకున్నాడు. జూనియర్ నరేష్‌కుమార్ ప్రోబు పట్టుకుని బిగుసుకుపోయాడు.

"మిడ్ ఆక్సిలరీ లైన్‌లో, లివర్‌ని అకౌస్టిక్ విండోగా వాడుకుని..." మొదలుపెట్టింది అరుణశ్రీ.

"నాకు అర్థం కాలేదమ్మా" అన్నారు సార్.

అదే ముక్క ఇంకా గట్టిగా చెప్పింది.

"ఇప్పుడూ కాలేదు తల్లీ."

ఇంత మొద్దుకు ప్రొఫెసర్ పోస్టు ఎవరిచ్చారో అనుకుంది అరుణశ్రీ. "త్వరగా కానివ్వవే, పొట్ట గడ్డకట్టేలా ఉంది" అని మూలిగాడు జెల్ పూసుకున్న మురళీకృష్ణ.

దాంతో ఆమెకు ఒళ్లు మండి, పుస్తకం కాస్తా ఎగిరిపోయింది. "సార్, కిడ్నీ ఎన్కకు ఉంటది. ముందటికెళ్లి చూస్తే పేగులల్ల గాలి అడ్డమొస్తది. గందుకే కుడి పక్కకెళ్లి, లివర్‌లకెళ్లి చూడాలె. నరేష్, ఆఖరి పక్కటెముకల కాడ పెట్టు. జర ఎన్కకు వంచు. మురళీ, ఊపిరి పీల్చి పట్టు. ఆఁ, ఆగు."

తెరమీద చిక్కుడుగింజలా కిడ్నీ కనిపించింది.

"ఒచ్చిందక్కా" అన్నాడు నరేష్, తన చేతిని తనే నమ్మలేక.

"ఇప్పుడు నాకు అర్థమైంది" అన్నారు సార్. అరుణశ్రీ పాసయింది.

బయటికొచ్చాక నరేష్ మెల్లగా చెప్పాడు. "మొదట్ల నాకు ఒక్క ముక్క సమజ్ కాలేదక్కా. అడిగితే నవ్వుతరని సిగ్గయింది. సార్‌కే అర్థం కాలేదంటే నాకేంది అని ధైర్యమొచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది అరుణశ్రీకి. సార్ అంతసేపూ తనవైపు చూడనే లేదు. ప్రోబు పట్టుకుని కదలని నరేష్ చేతినే చూస్తున్నారు. గబగబా సార్ దగ్గరికి వెనక్కి వెళ్లింది.

"సార్, నిజం చెప్పండి. ఇదంతా జూనియర్ల కోసమే కదా?"

సార్ కళ్లజోడు తుడుచుకుంటూ అమాయకంగా చూశారు.

"ఏంటమ్మా? నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు."

అరుణశ్రీ నవ్వేసింది. ఈసారి మళ్లీ చెప్పలేదు.