కరాచీకి చేరిన కొండలమ్మ కబురు

వన్ టౌన్‌లో ఫాదర్ల అంగీలు కుట్టే దర్జీ శౌరయ్యకి నోరు ఊరుకోదు. అందుకే సంతకాలు సేకరించే పని అతనికి అప్పజెప్పారు. భారత, పాకిస్తాన్ చర్చిలు కొన్ని కలిసి రెండు ప్రభుత్వాలకూ ఒక విన్నపం రాశాయి: మాటలు మొదలుపెట్టండి, వీసాలివ్వండి, మీ జైళ్ళలో ఉన్న అవతలి దేశపు జాలర్లని వదిలేయండి అని.

"మీరైతే రాయి చేత కూడా సంతకం పెట్టిస్తారు" అన్నారు ఫాదర్ గారు. శౌరయ్య దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

భవానీపురం వరకూ పని చకచకా సాగింది. కంకిపాడు చేపల మార్కెట్లో కొండలమ్మ దగ్గర ఆగిపోయింది. ఆమె కత్తిపీట మీద బొచ్చె చేప కోస్తూనే కాగితమంతా చదివించుకుని వింది.

"మా తమ్ముడు కోటి ఆళ్ళ కరాచీ జైల్లోనే ఉన్నాడండీ. గుజరాత్ బోటు మీద పనికెళ్తే, హద్దు దాటారని పట్టుకుపోయారంట. ఏడాదిన్నరగా ఉలుకూ పలుకూ లేదు. అక్కడ మీ చర్చోళ్ళున్నారా?"

"ఎందుకు లేరమ్మా, బోలెడుమంది! కబురు కనుక్కుని చెబుతాగా!"

మాట జారాక గానీ శౌరయ్యకి తట్టలేదు. కరాచీలో తనకెవరు తెలుసని? నేరుగా వెళ్ళి ఫాదర్ గారి ముందు ఒప్పేసుకున్నాడు. ఆయన తిట్టలేదు. విన్నపంలో కలిసిన కరాచీ చర్చి నంబరు వెతికి, ఆదివారం పూజయ్యాక వీడియో కాల్ కలిపారు.

అవతల యాకూబ్ అనే ఉపదేశి. శౌరయ్య హిందీ రైలు ప్లాట్‌ఫారాల మీద నేర్చింది. "హమారా కోటీ... మఛ్‌లీవాలా... ఆప్‌కా జైల్" అంటూ వలా, పడవా, ఊచలూ చేతులతోనే చూపించాడు. యాకూబ్ పడీ పడీ నవ్వాడు. తర్వాత నిదానంగా చెప్పాడు, పండగలకి తాము ఖైదీల్ని చూడటానికి జైలుకి వెళ్తుంటామనీ, కోటిని వాకబు చేస్తాననీ. తమ పేట జాలర్లు నలుగురు గుజరాత్ జైల్లో ఉన్నారు, వాళ్ళ సంగతి మీరు కనుక్కుంటారా అనీ అడిగాడు.

ఈసారి శౌరయ్య గొప్పలు పోలేదు. ప్రయత్నిస్తానన్నాడు.

సంగతి విని కొండలమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "ఆళ్ళకీ అక్కలుంటారు కదండీ. మావోడితో పాటు ఆళ్ళనీ వదలమని రాయండి." వేలిముద్ర తను ముందు వేసి, సాయంత్రానికి మార్కెట్టంతటి చేతా వేయించింది.

శౌరయ్య ఫాదర్ గారి చేత అడిగిస్తే, గుజరాత్‌లోని ఒక ఫాదర్ జైలుకెళ్ళి ఆ నలుగురినీ చూసి, వాళ్ళు క్షేమమని రాశారు. ఈస్టర్ వెళ్ళాక కరాచీ నుంచి కోటి ఉత్తరం ఫోన్‌లో ఫొటోగా వచ్చింది. శౌరయ్య మార్కెట్లోనే చదివి వినిపించాడు. "అక్కా, బాగున్నాను. రొట్టెలు చేయడం నేర్చాను. వీళ్ళకి చేపల పులుసు మాత్రం రాదు."

కొండలమ్మ ఫక్కున నవ్వింది. ఆ వెంటనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. శౌరయ్య ఉత్తరాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

మరుసటి ఏడు విడుదలైన జాలర్లలో కోటి ఉన్నాడు. యాకూబ్ చెప్పిన నలుగురిలో ఇద్దరు కూడా ఇల్లు చేరారు. అది విన్నపం చలవో కాదో ఎవరికీ తెలియదు. ఢిల్లీ నుంచి జవాబంటూ రాలేదు.

కొండలమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వన్ టౌన్ వచ్చింది. శౌరయ్య యాకూబ్‌కి ఫోన్ కలిపి ఇచ్చాడు. కోటి జైల్లో నేర్చిన ఉర్దూలో గడగడా మాట్లాడుతుంటే, తనకి ఒక్క ముక్కా అందక శౌరయ్య కాస్త ఉడుక్కున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడని గమనించి, మెడలో టేపు తీసి, "కదలకు బాబూ" అంటూ చొక్కాకి కొలతలు తీసుకోసాగాడు.