ఒకే ఆదివారం, రెండు కండువాలు

పీటల దాకా రాకముందే నా పెళ్లిని నేనే పెటాకులు చేసుకోబోయిన వైనం చెబుతాను. కడుపారా నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో నాకు సమదృష్టి అనే జబ్బు ఉండేది. సుచిత్ర ఏరియాలోని మా ఫ్లాటుకు రోజూ రెండు పత్రికలు వచ్చేవి. ఒకదానిలో ప్రభుత్వం దేవుడు, రెండోదానిలో దెయ్యం. రెండూ చదివితేనే అసలు సంగతి తెలుస్తుందని కనబడినవాళ్లందరికీ క్లాసు పీకేవాణ్ణి. మా అమ్మ మాత్రం రెండింటి మీదా సమానంగా ఉల్లిపాయలు తరిగేది.

ఆఫీసులో నాతో పనిచేసే స్వప్నది తూంకుంట. మా పెళ్లికి వాళ్ల బాపు, అంటే నాన్న, బుచ్చిరెడ్డిగారు ఒప్పుకోవాలి. ఆయన అక్కడ ఓ పార్టీకి పెద్ద దిక్కు. ఇంతలో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి.

"ఆదివారం మా ఇంటికాడ మీటింగున్నది. వచ్చి బాపు కండ్లల్ల పడు. నోరు మాత్రం తెరవకు," అంది స్వప్న.

వెళ్లాను. బుచ్చిరెడ్డిగారు నా మెడలో కండువా వేసి, భుజం తట్టి, ఫోటో దిగారు. ఇంకేం, సగం పెళ్లి అయిపోయినట్టే! బుద్ధున్నవాడైతే అటునుంచి అటే ఇంటికి పోతాడు. నేను పోలేదు. బస్టాపు దగ్గర అవతలి పార్టీ మైకు వినబడింది. రెండోవైపు వినకపోతే నాకు అన్నం సహించదు కదా! కండువా మడిచి జేబులో కుక్కుకుని, జనం వెనకాల నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా చూసి ఎవరో పెద్దమనిషి అనుకున్నాడో ఏమో, వేదిక మీది నాయకుడు దిగొచ్చి చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లాడు.

"అయ్యో, నేను ఊరికే వినడానికి వచ్చానండీ!"

"ఇన్నవ్ గద, ఇగ ఏస్కో!" అంటూ ఇంకో కండువా కప్పేశాడు. కెమెరాలు మెరిశాయి.

మర్నాడు ఒక పత్రికలో నేను ఈ పార్టీలో చేరాను, రెండోదానిలో ఆ పార్టీలో చేరాను. మొదటిసారి ఆ రెండు పత్రికలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి, నేను వెధవనని.

స్వప్న ఫోను. "ఏం జేసినవ్ నువ్వు! బాపు జల్దీ రమ్మంటుండు. నువ్వెక్కిన స్టేజీ ఎవలదో ఎర్కేనా? మా పెద్దబాపుది! బాపుకు సొంత అన్న! ఇగ అయినట్టే మన పెండ్లి!"

పరుగున వెళ్లాను. అన్నదమ్ములు కత్తులు నూరుతూ ఉంటారనుకున్నాను. తీరా చూస్తే పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోంచి తలకాయ కూర వేసుకుంటున్నారు.

"అంకుల్, నేను రెండు వైపులా వినాలని..."

"ఆగు బిడ్డా," అన్నారు బుచ్చిరెడ్డిగారు. అన్నవైపు తిరిగి, "సూస్తివా అన్నా? ఎవలు గెల్సినా కుర్సీ ఇంట్లనే ఉండాలెనని మనం చెరో పార్టీల జేరితిమి. మన ఇద్దరి పని గీ పిలగాడు ఒక్కడే జేసిండు, గదీ ఒక్క రోజుల!"

పెద్దబాపు ఎముక జుర్రుతూ, "గిసొంటోన్ని బయటోళ్లకు ఇడుస్తమా తమ్మీ? ముహూర్తం పెట్టియ్యి," అన్నాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఇన్నేళ్లు రెండు పత్రికలు నమిలినా అందని అసలు సంగతి ఆ కూరగిన్నె దగ్గర తెలిసింది. కండువాలు రెండూ ఇప్పుడు మా వంటింట్లోనే ఉన్నాయి. వేడి గిన్నె దించాలంటే రెండూ కావాలి మరి.

ఆ తలకాయ కూర సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట రెండు వైపులా వింటాను గానీ, నడి ఎండాకాలమైనా సరే, మెడకు ముందే మఫ్లరు చుట్టుకుని వింటాను.