పడుకోబెట్టిన సిలిండరు

మా బాత్రూము గీజరుకు ఒక సిలిండరు యాభై రెండు రోజులు వచ్చేది. ఇంట్లో నేనూ అక్కా, ఇద్దరమే. పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు తేదీ ముద్ర కొట్టినదాన్ని. సిలిండరు బిగించిన రోజును సుద్దముక్కతో దాని మెడ మీద రాసేదాన్ని, నోటుపుస్తకంలోనూ రాసేదాన్ని. ఏప్రిల్ మొదలు అక్టోబరు చివరిదాకా వరసగా నాలుగు సిలిండర్లు యాభై రెండేసి రోజులు వచ్చాయి. ఆ అంకె మీద నాకు దేవుడి మీద లేనంత నమ్మకం.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. బావ పోయాక కుప్పం నుంచి మదనపల్లెకు, నా దగ్గరికి వచ్చేసింది. ఇక్కడి చలి ఆమెకు కొత్త. డిసెంబరు వచ్చేసరికి కీళ్ళు బిగుసుకుపోయి, వేడినీళ్ళు పోసుకుంటే తప్ప కుడిచెయ్యి లేచేది కాదు. పావుగంట స్నానం అరగంట అయింది.

తొమ్మిదో తేదీన, అంటే అయిదో సిలిండరు పెట్టిన నలభై నాలుగో రోజున, గీజరు మంట తగ్గింది. అక్క లోపలినుంచి కేకేసింది.

"మ్మే, ఈ నీళ్ళు పోసుకునేదానికా, తాగేదానికా?"

నా లెక్కలో ఇంకా ఎనిమిది రోజుల గ్యాసు ఉండాలి. మా వైపు చాలామంది చేసే పనే నేనూ చేశాను. బయట గోడ పక్కనున్న సిలిండరును అడ్డంగా పడుకోబెట్టాను. మంట లేచింది. మూడు రోజులకు మళ్ళీ తగ్గింది, ఈసారి పసుపుపచ్చగా ఊగుతూ. పైన వెంటిలేటరు నుంచి వచ్చే గాలికి నిలవడం లేదనుకుని, పాత దుప్పటి ముక్క మడిచి అందులో కూరాను. చలిగాలి ఆగింది.

"ఇప్పుడు బాగుండాదిమే" అంది అక్క.

కొత్త సిలిండరు వంటింట్లో ఉంది. పెట్టలేదు. యాభై రెండు నిండలేదు కదా.

పదమూడు నుంచి అక్కకు తలనొప్పి. స్నానం చేసి వచ్చి మంచం మీద కూలబడేది. తల తిరుగుతోందనేది. మూడు రోజులూ బీపీ కొలిచి రాశాను. బీపీ మామూలుగానే ఉంది. వయసు అనుకున్నాను.

పదహారున బాత్రూము తలుపు తడితే అక్క పలకలేదు. పక్కింటాయన గడియ విరగ్గొట్టాడు. నేల మీద పడి ఉంది. వరండాలోకి తెచ్చాక కళ్ళు తెరిచింది గానీ, నన్ను చూసి "అమ్మా" అంది. ఆసుపత్రిలో చేర్చాము. నీళ్ళు కాగక, వణికి జారిపడిందని చెప్పాను. నేను అదే నమ్మాను.

ఆమె ఇంటికి వచ్చేలోగా నీళ్ళు వేడిగా ఉండాలని, మరునాడు పుంగనూరు నుంచి గీజరు మెకానిక్కును పిలిపించాను. యాభై దాటిన మనిషి. నేను పుస్తకం తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది పక్కన పెట్టవ్వా. సిలిండరు యాల పండుకోనుండాది? దానికేమన్నా జొరమా?"

నా ఎనిమిది రోజుల సంగతి చెప్పాను. ఆయన ఇంక ఎగతాళి చెయ్యలేదు. వంటింట్లోని నిండు సిలిండరు తెచ్చి, పాత రెగ్యులేటరుతోనే వెలిగించాడు. మంట అట్లాగే నీరసంగా ఉంది. పైపు విప్పి ఊదాడు. అడ్డమేమీ లేదు. వంటింటి రెగ్యులేటరు తీసుకొచ్చి బిగించాడు. మంట నీలంగా లేచింది.

"రెగ్యులేటరులోకి ఆవిరే పోవాల. పండబెడితే గ్యాసు నీళ్ళ మాదిరి దూరతాది, అడుగునుండే మడ్డితో సహా. అది చెడిపోయి ప్రెజరు రాల్యా. మంట సరిగ్గా కాలక మసి పట్టుండాది సూడు."

గీజరు లోపల వేలు పెట్టి తీశాడు. నల్లగా ఉంది. అప్పుడు తలెత్తి పైకి చూశాడు. స్టూలెక్కి దుప్పటి ముక్కను బయటికి లాగాడు.

"ఇదెవురు పెట్టిండేది?"

"నేనే."

"అవ్వా, ఆయమ్మ జారి పడలేదు. తలుపేసుకోని, ఈ మంట కక్కే ఇసపు గాల్లో అరగంట..." అని ఆపేశాడు. "పో. ముందు ఆసుపత్రిలో చెప్పు, పో."

ఆటోలో వెళ్ళి డాక్టరమ్మకు అన్నీ వరసగా చెప్పాను. ఆమె వెంటనే ఆక్సిజను పెట్టించింది. "నిన్ననే తెలిసుంటే" అంది.

అక్క బతికింది. లేచి కూర్చుంది, అన్నం తింది. కానీ "మీ బావ తిన్న్యాడా?" అని అడిగేది. తిన్నాడంటే తల ఊపి, కాసేపటికి మళ్ళీ అడిగేది. ఒక ఉదయం పదకొండు సార్లదాకా లెక్కపెట్టి మానేశాను.

కుప్పం నుంచి అక్క కొడుకు వచ్చాడు.

"ఏం చిన్నమ్మా, బాత్రూములో సోపునీళ్ళేమన్నా ఉండినాయా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. మెకానిక్కు తన పని చేసుకుని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ వీడితో ఇంకా మాట్లాడలేదు.

"జారలేదప్పా" అన్నాను. "మంట తగ్గితే సిలిండరు మార్చకుండా పడుకోబెట్టింది నేను. గాలి రాకుండా మూసింది నేను."

"యాల?"

"ఇంకా ఎనిమిది రోజులు రావాలని."

వాడు నన్ను తిట్టలేదు. మా ఇంటికి వచ్చి వాళ్ళమ్మ చీరలు సంచిలో సర్దాడు. చీరల మధ్య నా తువాలు ఒకటి కలిసిపోతే, తీసి మంచం మీద పెట్టాడు.

ఆసుపత్రి గేటు దగ్గర అక్క కారెక్కనంది. నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రావామే? ఆడ నాకు నీళ్ళెవురు పెడతారు?"

నేను నోరు తెరిచేలోగా వాడు ఆ చేతిని నెమ్మదిగా విడిపించాడు.

"నేను పెడతాలేమా" అని ఆమెను కూర్చోబెట్టి తలుపు వేశాడు.