పక్క సీట్లో పెద్దమ్మ

పోయిన ఆదివారం చర్చికి బయల్దేరుతుండగా మండవల్లి నుంచి పెద్దమ్మ కొడుకు, అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందమ్మా. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానంది. అంతే" అన్నాడు. ఆవిడ మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఏలూరు నుంచి నేనే కారు నడుపుకుంటూ వెళ్లాను. డ్రైవరు కోసం ఎవరినీ అడగలేదు. అలా వెళ్లగలిగానంటే అది పెద్దమ్మ చలవే.

పెద్దమ్మ నర్సుగా పనిచేసి రిటైరయింది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు ఇప్పుడు చేపల చెరువుల మీద పని చేస్తున్నారు, బడుల్లో పాఠాలు చెబుతున్నారు. కారు నడపడం రిటైరయ్యాకే నేర్చుకుంది. బండెక్కగానే ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. తర్వాత చీర కొంగు తలుపులో పడకుండా సర్దుకుని, అప్పుడు తాళం తిప్పేది. నడిచి వెళ్లేవాళ్ల వెనక హారన్ కొట్టేది కాదు. "మన తొందరతో వాళ్లకేం పని?" అనేది.

నాకు లైసెన్సు ఎప్పటినుంచో ఉంది. ఒకసారి జ్వరంతో ఉన్న నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఫ్లైఓవర్ ఎక్కుతూ ఇంజిన్ ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా అందుకోలేదు. వెనక లారీల మోత. చివరికి ఎవరో దిగి తోశారు. నాన్నగారికి ఏమీ కాలేదు గానీ, నేను మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. ఆ కారు అమ్మేశాం. తాడేపల్లిగూడెంలో నా కాలేజీకి రైల్లోనే వెళ్లొస్తుండేదాన్ని. నాన్నగారికి డయాలసిస్ మొదలయ్యాక మాత్రం కారు లేకుండా గడవలేదు. ఆటోలో ఆ కుదుపులకు ఆయన తట్టుకోలేకపోయేవారు.

షోరూములో మైల్డ్ హైబ్రిడ్ కారు ఒకటి చూపించారు. పేరు వినగానే సగం కరెంటు బండి అనుకున్నాను. తోడు వచ్చిన పెద్దమ్మ అలా అనుకోలేదు.

"ఉత్త కరెంటు మీద ఎంత దూరం వెళ్తుందండీ?" అని సేల్స్ ఆయన్ని అడిగింది.

"కరెంటు మీదే వెళ్లదండీ. ఇంజిన్‌కి చిన్న బ్యాటరీ ఒకటి సాయం చేస్తుందంతే."

"అయితే ఎక్కడ సాయం చేస్తుందో మా దార్లోనే చూపించండి."

మొదట ఆయనే నడిపారు, తాడేపల్లిగూడెం వైపు హైవే మీద. ఒకే వేగంతో పోతుంటే తేడా ఏమీ తెలియలేదు. "ఇక్కడ దీనికి పెద్దగా పని లేనట్టుందండీ" అంది పెద్దమ్మ. "తక్కువేనండీ. ఆగుతూ కదులుతూ వెళ్లే చోటే దీని ఉపయోగం" అని ఆయన ఒప్పుకున్నారు. నిజం చెప్పినందుకు పెద్దమ్మ ఆయనకు థ్యాంక్స్ చెప్పి, నా వైపు తిరిగింది. "గూడేనికి రైల్లోనే వెళ్తావు. ఇంక ఆసుపత్రి, బజారు, చర్చి, మధ్యలో రైల్వే గేటు. నీ తిరుగుడంతా ఊళ్లోనే కదే."

తిరిగొచ్చాక ఏలూరులో రైల్వే గేటు దగ్గర నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టారు. న్యూట్రల్ చేసి క్లచ్ మీంచి కాలు తీయగానే ఇంజిన్ ఆగిపోయింది.

"ఆగిపోయింది పెద్దమ్మా!"

"పెట్రోలు వృథా కాకుండా అదే ఆపుకుంటుందండీ. క్లచ్ నొక్కండి మేడం" అన్నారాయన. నొక్కాను. ఏమీ జరగనట్టే ఇంజిన్ అందుకుంది. అయినా నేను దిగిపోయాను. అలా ఆగకుండా చేసే బటన్ ఒకటి ఉందని ఆయన చూపిస్తే, ఎప్పుడూ అది నొక్కే ఉంచుతానన్నాను.

"అలాగైతే ఈ బండి నీకెందుకమ్మా? మామూలు బండే తీసుకో, తప్పేం లేదు. కానీ బండిని చూసి తేల్చుకో. ఆ ఫ్లైఓవర్ని తలుచుకుని కాదు" అంది పెద్దమ్మ.

ఆ రోజు ఏదీ కొనలేదు. తర్వాతి వారం పెద్దమ్మ తన పాత కారులో వచ్చి మా ఇంట్లో దిగింది. రోజూ ఆ కారులోనే నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, ఇంజిన్ నా చేతే ఆపించేది, నా చేతే స్టార్ట్ చేయించేది. నేను తడబడుతుంటే విసుక్కునేది కాదు. ఒకసారి గేటు పడి ఉన్నప్పుడు అంది: "పుట్టిన బిడ్డ ఏడ్చేలోపల కాసేపు ఏ చప్పుడూ ఉండదు చూడు. నా పనంతా ఆ కాసేపట్లోనే ఉండేది. నాకూ భయమేసేదమ్మా. చేతులకి మాత్రం పని చెప్పేదాన్ని."

ఒక ఆదివారం పొద్దున్న, బళ్లు లేని వేళ, ఫ్లైఓవర్ ఎత్తు మీద సగంలో ఇంజిన్ ఆపమంది. ఆపాను. కాసేపటికి నేనే తాళం తిప్పాను. బండి వెనక్కి జారకుండా పైకి ఎక్కింది. పెద్దమ్మ మెచ్చుకోలేదు. కొంగుతో నా నుదురు తుడిచి, ఇంటికి పోనిమ్మంది.

ఆ తర్వాత ఆ మైల్డ్ హైబ్రిడ్డే తీసుకున్నాను. ఊళ్లో పెట్రోలు కొంచెం కలిసొస్తోంది, అంతకుమించి వింతేమీ లేదు. ఆ మాటంటే పెద్దమ్మ నవ్వేసింది. "సాయమనే కదే ఆయన చెప్పింది!" ఇంజిన్ ఆగకుండా చేసే ఆ బటన్ జోలికి మాత్రం నేనిప్పటిదాకా వెళ్లలేదు.

పోయిన చలికాలంలో కళ్లు చూపించుకోవడానికి ఏలూరు వచ్చిన ఆమెను నా కారులోనే మండవల్లి తీసుకెళ్లాను. కొల్లేరు రోడ్డు మీద గేదెల మంద అడ్డొచ్చింది. బండి ఆపాను, ఇంజిన్ ఆగింది. మందను తోలుకొస్తున్నావిడ పెద్దమ్మను గుర్తుపట్టి "బాగున్నారా అమ్మగారూ" అని పలకరించింది. పెద్దమ్మ అద్దం దించి, ఆవిడ పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పి కుశలం అడిగింది. గేదెలు కారును రాసుకుంటూ మెల్లగా కదిలాయి. పెద్దమ్మ చెయ్యి బయటికి చాపింది. ఆ ముడతల అరచేతి కిందుగా, అప్పుడే నీళ్లలోంచి లేచిన నల్లటి వీపులు ఒకదాని వెనక ఒకటి తడితడిగా సాగిపోయాయి.