ఫ్లెక్సీ మీద సునీల్

యూనిఫాం తొడుక్కునే ముందు మోకరించే కృపను ప్రతి ఉదయం నాకిస్తున్న ప్రభువుకు స్తోత్రం. ఆయన చెయ్యి విడవలేదు కాబట్టే ఈ సంగతి రాయగలుగుతున్నాను.

రెండేళ్ల కిందటి వానాకాలం. నాచారంలో నాది కమ్యూనిటీ పోలీసింగ్ డ్యూటీ. అంటే నా బీట్‌లోని బస్తీల్లో ఇంటింటికీ తిరిగి జనానికి దగ్గర కావడం. గంజాయి అమ్మేవాణ్ణి జైలుకు పంపితే మర్నాడే ఇంకొకడు వస్తాడు. కొనేవాళ్లు తగ్గితేనే ఆ వ్యాపారం ఆగుతుంది. అందుకే అలవాటు పడినవాళ్లను కేసు పెట్టకుండా డీఅడిక్షన్ సెంటర్‌లో, అంటే మత్తు మాన్పించే చోట, చేర్పించేవాళ్లం.

ఆ బస్తీల్లోనే ఉండే యాదమ్మ తన కొడుకు సునీల్‌ను చెయ్యి పట్టుకొని నా దగ్గరికి తీసుకొచ్చింది.

"సారూ, కొట్టకున్రి. గా గంజాయొక్కటి మాన్పియ్యున్రి."

"ఎవ్వరు కొట్టరమ్మా, ముందుగాల కూసో," అన్నాను.

సునీల్ మానేశాడు. వణుకుతూ, మమ్మల్ని తిడుతూ, మానేశాడు. ఓ మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్ పనికి కుదిరాడు. దారిలో ఎదురైతే, "అన్నా, గిప్పుడు చేతినిండ గోలీలే, ఒక్కటి గూడ నోట్లెకు పోతలేదు సూడు," అని నవ్వేవాడు.

కాలనీ సంఘం అధ్యక్షుడు ప్రసాదరావుగారు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఉద్యోగి. మంచి మనిషి. సంబరపడి సునీల్‌కు శాలువా కప్పారు. ఆ రోజు నేను కోర్టు డ్యూటీలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి బస్టాపు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. శాలువాతో నవ్వుతున్న సునీల్, కింద "గంజాయిని జయించిన మన కాలనీ ముద్దుబిడ్డకు అభినందనలు".

"ఏంది సార్ ఇది? తీపియ్యండి."

"మంచిదారికొచ్చిన కుర్రాణ్ణి మెచ్చుకోకూడదా ఏమిటయ్యా? చూసి నలుగురు మారతారు," అన్నారు ప్రసాదరావుగారు నొచ్చుకుంటూ.

ఫ్యాక్టరీ బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. మర్నాడు కాంట్రాక్టర్ సునీల్‌ను గేటు దగ్గరే ఆపేశాడు. నేను వెళ్లి బతిమాలాను.

"పిల్లగాడు మంచోడే సార్. కానీ ఫొటో అందరు సూసిన్రు. మందుల కాడ గంజాయోణ్ణి పెట్టిన్నని నన్నే తీసేస్తరు."

పని అడిగిన ప్రతిచోటా సునీల్ ముఖం గుర్తుపట్టారు. ప్రసాదరావుగారు తన చేతులతోనే ఫ్లెక్సీ విప్పి యాదమ్మకు ఇచ్చేశారు. అప్పటికే ఆలస్యమైంది.

"దొంగచాటుగ తాగినన్ని దినాలు ఎవ్వడేమన్లేదన్నా. మానేస్తె గిట్లయింది," అన్నాడు సునీల్.

దసరా దాటాక ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ తాగుతున్నాడనీ, చర్లపల్లి వైపు రైలు పట్టాల దగ్గర కనిపించాడనీ కొందరన్నారు. వెతికాను. దొరకలేదు.

ఈమధ్య వానలో యాదమ్మ ఇంటికి వెళ్లాను. పైరేకు పగిలినచోట నీళ్లు కారకుండా ఆ ఫ్లెక్సీనే కట్టుకుంది, బొమ్మ లోపలివైపు వచ్చేలా.

"బయటోళ్లకు కనవడొద్దు సారూ. నేనొక్కదాన్నే సూస్కుంట," అంది తలెత్తి చూస్తూ.

గది తలుపు వేసుకొని ప్రార్థన చేయాలని సండే స్కూల్లో నేర్పారు. మనిషి బాగుపడటం కూడా అలా మరుగునే జరగాలని ఈ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు నా బీట్‌లో మానేసినవాళ్లకు శాలువాలు లేవు, ఫొటోలు లేవు.

కొడుకు ఎప్పుడైనా రావచ్చని యాదమ్మ ఇంకా తలుపుకు గడియ పెట్టడం లేదు. చదువుతున్న మీరు మాత్రం మీ గది తలుపు వేసుకొని, సునీల్ కోసం నాతో కలిసి ప్రార్థించండి.